ధనుష్కోటి దాకా టికెట్ లేదు

శుక్రవారం రాత్రి

చెన్నై నుంచి రామేశ్వరం వెళ్లే రాత్రి బండి పేరు ఇప్పటికీ బోట్ మెయిలే. ఆ బండి దిగి ఎక్కాల్సిన బోటు ఆగిపోయి నలభై ఏళ్లు దాటినా పేరు మాత్రం ఉండిపోయింది. తిరుపతి నుంచి నేరుగా రామేశ్వరానికి ఎక్స్‌ప్రెస్ ఉండగా చెన్నై మీదుగా ఈ తిరుగుడేమిట్రా అని మా పిన్ని తెనాలిలో బండెక్కిన దగ్గర్నుంచి సణుగుతూనే ఉంది. బాబాయ్ మాత్రం ఏమీ అనలేదు. కింది బెర్తు దొరికితే ఆయనకి ఏ బండైనా ఒకటే.

నాకు ఈ బండే కావాలి. ఒకప్పుడు ఇది ఎక్కడ ఆగేదో చూడాలని నా కోరిక. వాళ్లకి రామేశ్వరం తీర్థయాత్ర. నాకు ఆ దీవి చివరనున్న ధనుష్కోటి స్టేషన్. 1964 డిసెంబరు తర్వాత అక్కడికి ఏ రైలూ పోలేదు.

1914కి ముందు మద్రాసు నుంచి సిలోన్ (ఇప్పటి శ్రీలంక) వెళ్లాలంటే రైల్లో తూత్తుకుడి దాకా పోయి, అక్కడ స్టీమరెక్కి కొలంబోలో దిగాలి. సముద్రం మీద చాలా దూరం. పాంబన్ దగ్గర వంతెన కట్టేసి, దీవి చివరికంటా పట్టాలు వేస్తే ఆ దూరం 35 కిలోమీటర్లకు పడిపోతుందని సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ లెక్కేసుకుంది. 1914 ఫిబ్రవరి 24న వంతెన ప్రారంభమైంది. అప్పట్నుంచి మద్రాసులో ఒకే టికెట్ కొనుక్కుని ధనుష్కోటి దాకా రైలు, అక్కణ్నుంచి సిలోన్ ఒడ్డునున్న తలైమన్నార్‌కి స్టీమరు, మళ్లీ రైలెక్కితే కొలంబో. ఇండో సిలోన్ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారుగానీ జనం నోట్లో నలిగింది బోట్ మెయిలే.

ఇదంతా చెబుతుంటే పిన్ని మధ్యలో నిద్రపోయింది.

శనివారం

మానామదురై దగ్గర మెలకువ వచ్చింది. రామనాథపురం దాటాక తాటిచెట్లు, సర్కారు తుమ్మ, ఉప్పు తేరిన నేల. మండపం స్టేషన్ రాగానే పెట్టెలో సగంమంది తలుపుల దగ్గరికి చేరారు. బండి బాగా నెమ్మదించి కొత్త వంతెన ఎక్కింది. మేం వెళ్లింది 2025 జులై మొదట్లో. ఆ ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు, ప్రధాని మోదీ ఈ వంతెనను ప్రారంభించారు. పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఓడలు వచ్చినప్పుడు మధ్యలో 72.5 మీటర్ల ముక్క మొత్తం లిఫ్టులాగా నిలువునా పైకి లేస్తుంది.

నా కళ్లు మాత్రం పక్కనున్న పాత వంతెన మీదే ఉన్నాయి. 143 స్తంభాలు. నడిమధ్యన షెర్జర్ పద్ధతిలో కట్టిన రెండు ఇనుప రెక్కలు. పడవ వస్తే మనుషులు కడ్డీలు పట్టుకుని తిప్పి తిప్పి ఆ రెక్కల్ని చెరోపక్కకీ ఎత్తేవాళ్లు. మోటార్లు లేవు. 2007లో బ్రాడ్ గేజి చేసినప్పుడు కూడా ఆ రెక్కల్నే బలపరిచి వాడుకున్నారు. తుప్పు మరీ ముదిరి 2022 డిసెంబరులో రైళ్లు ఆపేశారు. ఆ తర్వాత రెండేళ్లకు పైగా రామేశ్వరానికి రైలే లేదు, మండపంలో దిగి బస్సెక్కాల్సి వచ్చింది.

పిన్ని కిటికీలోంచి రూపాయి బిళ్లలు విసిరి దణ్ణం పెట్టుకుంది. ఒకటి గర్డరుకి తగిలి టంగుమంది.

వంతెన దిగగానే పాంబన్ స్టేషన్. ఒకప్పుడు ఇది జంక్షన్. ఇక్కడ లైను రెండుగా చీలేది. అసలు లైను ధనుష్కోటి వైపు వెళ్లేది, రామేశ్వరం వైపు వెళ్లేది బ్రాంచి లైను. ఈ సంగతి చెప్తే బాబాయ్ నమ్మలేదు. "రామేశ్వరం బ్రాంచి లైనేంట్రా?" అన్నాడు. యాత్రికుల కోసం అయితే రామేశ్వరం దాకా వేస్తే సరిపోను. పట్టాలు వేసింది యాత్రికుల కోసం కాదు. కొలంబో వెళ్లే దొరలు, వర్తకులు, తేయాకు తోటల కూలీలు, టపా సంచులు... ఆ లెక్క వేరు. గుడి దారిలో తగిలింది కాబట్టి దానికీ ఓ కొమ్మ వేశారు. అదే ఇవాళ మిగిలింది, అసలు లైను పోయింది.

మధ్యాహ్నం దాకా గుడి. అగ్నితీర్థంలో మునక, ఆ తడిబట్టలతోనే 22 బావుల దగ్గర బకెట్లతో నీళ్లు పోయించుకోవడం. ఇది ఎంతోమంది ఎన్నోసార్లు రాశారు, నేను మళ్లీ రాయను. మూడో ప్రాకారం మాత్రం ఎన్నిసార్లు చూసినా సరిపోదు.

సాయంత్రం అబ్దుల్ కలాం పుట్టి పెరిగిన ఇంటికి వెళ్లాం. కింద ఇల్లు, పైన ప్రదర్శన. ఆయన చిన్నతనం ఈ రైలుతోనూ ఈ రేవుతోనూ ముడిపడి ఉంది. వాళ్ల నాన్నగారు యాత్రికుల్ని రామేశ్వరం నుంచి ధనుష్కోటికి చేరవేయడానికి చెక్కపడవ కట్టుకున్నారు. ఓ తుఫానులో అది పోయింది. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక రైలు రామేశ్వరంలో ఆగడం మానేసింది. అప్పుడు వార్తాపత్రికల కట్టల్ని రామేశ్వరం, ధనుష్కోటి మధ్య కదిలే బండిలోంచి బయటికి విసిరేవాళ్లు. వాటిని ఏరి తెచ్చే పని ఆ కుర్రాడిది. తొలి సంపాదన అదేనని కలాం స్వయంగా రాసుకున్నారు. యుద్ధంలో ఏ స్టేషన్‌లో ఆగినా ఆగకపోయినా బండి ధనుష్కోటికి పోవాల్సిందే. ఆ ఊరి హోదా అలాంటిది.

ఆదివారం

పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు కుర్రాడికి యాత్రికుల పుణ్యమా అని తెలుగు సగం వచ్చు. పిన్నిని "అమ్మగారు" అనీ, బాబాయ్‌ని "అయ్యా" అనీ, నన్ను మాత్రం "బాస్" అనీ పిలిచాడు.

ఊరు దాటి కొంత దూరం పోయాక కోదండరామస్వామి గుడి. విభీషణుడికి పట్టాభిషేకం జరిగింది ఇక్కడేనంటారు. 1964 తుఫానుకి తట్టుకుని నిలిచింది ఈ గుడే. పిన్ని ప్రదక్షిణలు పూర్తయ్యేదాకా ఎండలో నిలబడ్డాం. గాలి ఎంత ఉధృతంగా ఉందంటే మాట్లాడుతుంటే నోట్లో ఇసుక పడుతోంది. జులైలో ఇక్కడ ఇంతేనట.

అక్కణ్నుంచి ముందుకు పోతే ముకుందరాయర్ చత్రం. 2017 దాకా మామూలు బళ్లు ఇక్కడే ఆగిపోయేవి, ఆపైన ఇసుకలో, నీళ్లలో జీపులు, వ్యాన్లు. 2017 జులై 27న చివరిదాకా తారురోడ్డు తెరిచారు. అంటే రైలు పోయాక 53 ఏళ్లకు రోడ్డొచ్చింది. రెండువైపులా సముద్రమే. ఎడమ పక్క పాక్ జలసంధి నీళ్లు చెరువులా ఉన్నాయి, కుడిపక్క మన్నార్ సింధుశాఖ విరుచుకుపడుతోంది. మొదటిది ఆడ సముద్రమట, రెండోది మగ సముద్రమట. డ్రైవరు ఈ మాట అనగానే పిన్ని "ఊరికే అరిచేది మగదే అయ్యుంటుందిలే" అంది.

ఆటో ఆపిన చోట గవ్వల దుకాణాలు, వేయించిన చేపలు, కొబ్బరిబోండాలు. వాటి వెనకాల అసలు ఊరు. చర్చి గోడలు ముందు కనబడతాయి. పగడపు రాయితో కట్టినవి, పైకప్పు లేదు, ముందరి తోరణం నిలబడి ఉంది. ఫొటోలన్నీ దీనివే. పోస్టాఫీసు, బడి అని చెప్పే గోడలు ఇంకాస్త అవతల. స్టేషన్ ఏదని అడిగితే డ్రైవరు ఓ మొండిగోడల గుంపును చూపించాడు. వచ్చినవాళ్లు చర్చి దగ్గర సెల్ఫీలు తీసుకుని వెళ్లిపోతున్నారు గానీ ఇక్కడికి పెద్దగా రావడం లేదు. చూడ్డానికి ఏముంది? రెండు గోడలు, కూలిన నీళ్ల ట్యాంకు ఆనవాళ్లు. పట్టాలు లేవు, ప్లాట్‌ఫారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసేదో చెప్పడం కష్టం. ఇసుక మేట వేసేసింది.

ఉన్నప్పుడు ఇది చిన్న స్టేషనే, కానీ దాని చుట్టూ ఉన్న సరంజామా పెద్దది. కస్టమ్స్ ఆఫీసు, రేవు ఆఫీసు, రైల్వే ఆసుపత్రి, పోస్టాఫీసు, సత్రాలు. రైలు దిగినవాళ్లు సామాను తనిఖీ చేయించుకుని నేరుగా స్టీమరు ఎక్కేవాళ్లు. ఇర్విన్, గోషెన్ అని రెండు స్టీమర్లు. ఒకాయన వైస్రాయి, ఇంకొకాయన మద్రాసు గవర్నరు. ఊళ్లో పొలాల్లేవు, తోటల్లేవు. చేపలవాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు, మిగతా ఊరంతా స్టేషన్ వచ్చాక దాని కోసం పుట్టింది. మామూలుగా ఊరుంటే స్టేషన్ వస్తుంది, ఇక్కడ తిరగబడింది.

1964 డిసెంబరు 17న దక్షిణ అండమాన్ సముద్రంలో వాయుగుండం పుట్టింది. 22న సిలోన్‌ను దాటుకుంటూ ఇటు వచ్చింది. ఆ రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోటికి 653 నంబరు పాసింజరు బయల్దేరింది. ఆరు పెట్టెలు. 110 మంది ప్రయాణికులు, అయిదుగురు రైల్వే సిబ్బంది అని లెక్క. ధనుష్కోటి ఇంకాస్త దూరంలో ఉందనగా సిగ్నల్ పడలేదు. డ్రైవరు కాసేపు ఆగి చూసి, కూత వేసి, చీకట్లో బండిని ముందుకు తీశాడు. ఆయన ఏం ఆలోచించి ఉంటాడో నేను ఊహించబోను. వెనక్కి పోవడానికీ దారి లేదు, రెండు పక్కలా సముద్రమే కదా. ఏడు మీటర్ల పైచిలుకు ఎత్తున వచ్చిన అల బండిని మొత్తంగా తీసుకుపోయింది. ఒక్కరూ మిగల్లేదు. ఊరూ పోయింది. ఇటు, సిలోన్ వైపు కలిపి చనిపోయినవాళ్లు 1,800 దాకా ఉంటారని అంచనా.

ఆ రోజుల్లో సావిత్రి, జెమినీ గణేశన్ కూడా రామేశ్వరం వచ్చి ఉన్నారు. తుఫానులో చిక్కుకుని ప్రాణాలతో బయటపడ్డారు. అప్పటిదాకా గొడుగు కింద కూర్చుని "ఈ గోడల్లో ఏం చూస్తావురా" అంటున్న పిన్ని ఈ మాటతో లేచి వచ్చింది. సావిత్రి ఎక్కడ బస చేసింది, ఆవిడతో పిల్లలున్నారా, ఎలా బయటపడింది, అన్నీ కావాలి ఆవిడకి. నా దగ్గర సమాధానాలు లేవు. నూటపదిహేను మంది పోయిన సంగతి విని కదలని మనిషి సావిత్రి పేరు వినగానే కదిలింది అని నేను లోపల కొంచెం నొచ్చుకున్నాను. కానీ ఆలోచిస్తే అంతే మరి, తెలిసిన మనిషి ఒక్కరుంటేనే ఆ రాత్రి ఎవరికైనా నిజమనిపిస్తుంది.

బాబాయ్‌ది నాగాయలంక. 1977 నవంబరు 19 ఉప్పెనప్పుడు ఆయనకి ఇరవై దాటలేదు. దివిసీమ గురించి ఆయన ఎప్పుడూ కథలు చెప్పడు, అడిగినా పక్కకి తప్పిస్తాడు. ఇక్కడ మాత్రం ఆయనే తీగ లాగాడు. "మా ఊళ్లు మళ్లీ లేచినియ్యిరా. ఉప్పుపట్టిన చేలు కడుక్కుని మళ్లీ నాట్లేసుకున్నాం. ఇదెందుకు లేవలేదు?"

నివాసానికి పనికిరాదని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది కదా అన్నాను. ఆయనకి అది చాలలేదు. నిజానికి నాకూ చాలలేదు. దివిసీమలో పొలం ఉంది, కృష్ణ కాలువ నీళ్లున్నాయి, తిరిగొచ్చి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంది. ధనుష్కోటికి ఉన్నది ఒక్కటే పని, రైలు దిగినవాణ్ని పడవ ఎక్కించడం. తుఫాను తర్వాత ఆ పడవను రామేశ్వరం నుంచే నడపొచ్చని తేల్చుకున్నారు. రామానుజం అనే నౌక 1980ల మొదటిదాకా రామేశ్వరం నుంచి తలైమన్నార్‌కి తిరిగింది. పడవ అటు మారాక ఇక్కడ పట్టాలు మళ్లీ వేయడానికి కారణం లేకుండా పోయింది. ఊరిని ముంచింది సముద్రమే, లేవనివ్వనిది మాత్రం ఈ లెక్క అని నా అభిప్రాయం.

2019 మార్చి 1న రామేశ్వరం, ధనుష్కోటి మధ్య 17 కిలోమీటర్ల కొత్త లైనుకు కన్యాకుమారిలో శంకుస్థాపన జరిగింది. పని ముందుకు సాగలేదు. నా వరకు నాకు బాధ లేదు. ఇసుకతిప్పల్ని సరిచేసి ఖర్చు పెట్టి తెచ్చే రైలు ఎవరికోసం, పర్యాటకులకు రోడ్డుంది కదా. ఇక్కడుండే జాలర్ల కుటుంబాలకు కావాల్సింది కరెంటు, నీళ్లు. గుడిసెల దగ్గర ఓ ఆవిడ ఇసుకలో చెలమ తవ్వి బిందెకు నీళ్లు తోడుతోంది. పిన్ని దోసిట్లో పట్టి రుచి చూసింది. రెండు సముద్రాల మధ్య తియ్యటి నీళ్లు. ఆవిడ తమిళంలో, పిన్ని తెలుగులో ఓ పావుగంట మాట్లాడుకున్నారు, ఇద్దరికీ బాగానే అర్థమైనట్టుంది.

చివరికి దీవి కొసన అరిచల్‌మునై. రోడ్డు గుండ్రంగా తిరిగి అశోకస్తంభం దగ్గర ముగుస్తుంది. బాబాయ్ ఫోన్‌కి శ్రీలంకకు స్వాగతం అని మెసేజ్ వచ్చింది. రోమింగ్ డబ్బులు పడతాయేమోనని ఆయన టెన్షన్ పడి ఫోన్ మొత్తం ఆపేశాడు. సాయంత్రం అయ్యేసరికి పోలీసులు అందర్నీ వెనక్కి పంపేస్తున్నారు. ఇసుక రోడ్డు మీదికి పాకుతోంది, ఒకచోట మిషన్ పెట్టి తోస్తున్నారు.

సోమవారం

బండి సాయంత్రం. పిన్ని మళ్లీ గుడికి వెళ్లింది, నేను, బాబాయ్ పాంబన్ వెళ్లాం. 1988లో తెరిచిన రోడ్డు వంతెన మీద నిలబడితే రెండు రైలు వంతెనలూ కింద పక్కపక్కనే కనబడతాయి.

1964 తుఫాను ఈ పాత వంతెన గర్డర్లను వందకు పైగా సముద్రంలోకి తోసేసింది. ఎత్తే రెక్కలు మాత్రం నిలబడ్డాయి. బాగుచేయడానికి రైల్వే వాళ్లు ఆరు నెలలు అనుకున్నారు, పైఅధికారి మూడు నెలలన్నారు. పని చేతిలో పెట్టింది ముప్ఫై రెండేళ్ల ఇంజనీరు ఇ. శ్రీధరన్‌కి, తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన ఆయనే. నీళ్లలో పడ్డ గర్డర్లు ఎక్కడున్నాయో జాలర్ల సాయంతో వెతికించి, పైకి తీసి, మళ్లీ వాటినే బిగించి 46 రోజుల్లో రైలు నడిపించాడు. రైల్వే మంత్రి వెయ్యి రూపాయలు బహుమతి ఇచ్చారు.

46 రోజుల్లో వంతెన నిలబడింది, అవతల దీవి చివర స్టేషన్ అరవై ఏళ్లయినా నిలబడలేదు. రెంటినీ పడగొట్టింది ఒకే రాత్రి. ఇది వింటూ బాబాయ్ "గుడికి జనం రావాలిగా మరి" అన్నాడు. బ్రాంచి లైను అని నమ్మనన్న మనిషే.

తిరుగు బండిలో మా ఎదుటి బెర్తు పెద్దాయనది నీలగిరి జిల్లా. కోటగిరి దగ్గర తేయాకు తోటలో పనిచేసి రిటైరయ్యాడు. పుట్టింది సిలోన్‌లో, హట్టన్ దగ్గర తోట లైన్లలో, అంటే కూలీల ఇళ్ల వరసల్లో. ధనుష్కోటి వెళ్లొచ్చామనగానే ఆయన మాట పెరిగింది.

తుఫానుకు రెండు నెలల ముందు, 1964 అక్టోబరు 30న, లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో బండారనాయకే ఒప్పందం మీద సంతకాలు చేశారు. తరాలుగా అక్కడ తేయాకు కోస్తున్న భారత సంతతివాళ్లలో 5,25,000 మందిని ఇండియా వెనక్కి తీసుకోవాలి, 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇస్తుంది. అంతమంది దాటాల్సిన రేవు అప్పటికి ధనుష్కోటి. వాళ్లు రావడం మొదలయ్యేసరికి ఆ రేవు లేదు. ఈయన వాళ్ల అన్న 1950లలో సొంతూరు చూసిపోవడానికి వచ్చినప్పుడు ధనుష్కోటిలోనే దిగాడట. ఈయన మాత్రం పదకొండేళ్ల వయసులో అమ్మానాన్నలతో రామానుజం ఎక్కి రామేశ్వరంలో దిగాడు. మండపం క్యాంపులో కొన్నాళ్లు ఉంచి, పేర్లు రాసుకుని, తర్వాత కొండకి పంపారు. అలా వచ్చినవాళ్ల కోసం, బర్మా నుంచి వచ్చినవాళ్ల కోసం 1969లో ప్రభుత్వం పెట్టిందే రెప్కో బ్యాంకు. మన ఆంధ్రలోనూ దాని శాఖలున్నాయి. ఆ బోర్డు చూశానుగానీ దాని వెనక ఈ కథ ఉందనుకోలేదని బాబాయ్ అన్నాడు.

హట్టన్‌లో ఆయనకి ఇంకా అక్కయ్య కుటుంబం ఉంది. అవతలి ఒడ్డున శ్రీలంక అంతర్యుద్ధంలో పోయిన తలైమన్నార్ లైనును మన రైల్వే నిర్మాణ సంస్థ ఇర్కాన్ వాళ్లే మళ్లీ వేశారు, 2015 మార్చి నుంచి అక్కడ రైలు నడుస్తోంది. అటు స్టేషన్ ఉంది, ఇటు రామేశ్వరం దాకా రైలుంది, మధ్యలో పడవే లేదు. 2023 అక్టోబరులో నాగపట్నం నుంచి శ్రీలంకలోని కంకేశన్‌తురైకి పడవ మొదలైంది కదా, అందులో వెళ్లొచ్చుగా అని అడిగాను.

"మనవడూ అదే అంటన్నాడు. కానీ అక్కడ దిగితే హట్టన్ చాలా దూరం సార్, జాఫ్నా మీద నుంచి పోవాలి. దానికంటే తిరుచ్చిలో విమానం ఎక్కితేనే సుఖం" అన్నాడు తిరుచ్చిలో దిగడానికి సంచి సర్దుకుంటూ. ఆయన ఎక్కాల్సిన కోయంబత్తూరు బండికి ఇంకా టైముంది, అయినా తొందరపడుతూనే ఉన్నాడు.